కణుజు వాటా

బస్తరు సంస్థానం ఉన్నన్నాళ్లూ మాకు రెండు అడవులుండేవి. ఊరివాళ్లు కట్టెలు కొట్టుకునేది ఒకటి, హద్దు రాళ్లకు అవతల సర్కారు తన వేటకోసం దాచిపెట్టుకున్నది ఇంకొకటి. ఆ సంగతి కణుజు దుప్పులకు ఎవరూ చెప్పినట్టు లేదు. అవతల పడుకుని, ఇవతలికి వచ్చి మా వరి మేసిపోయేవి.

కొంటాకు దగ్గర్లోని ఆ ఊరికి నేను కోడలిగా వచ్చిన ఏడాదే, కోతల ముందు, మా ఆయన ఒక కణుజును బాణంతో కొట్టాడు. అది పరిగెత్తి పరిగెత్తి రాళ్లకు అవతల పడింది. అక్కడి జంతువును ముట్టుకుంటే జగదల్‌పుర్ జైలేనని అందరికీ తెలుసు. కానీ అంత మాంసాన్ని నక్కలకు వదిలేసే మనసు ఎవరికుంటుంది? ఊరివాళ్లంతా కలిసి మోసుకొచ్చారు.

వేట మాంసం ఊళ్లో ఏ ఇంటికీ అందకుండా పోకూడదన్నది అక్కడి మర్యాద. మా అత్త మోదుగాకుల్లో వాటాలు వేసి, ఊరి చివర నాకేదారు ఇంటికీ ఇమ్మని ఒక పొట్లం నా చేతికిచ్చింది. నాకేదారంటే ఆ సర్కారు అడవికి కాపలా ఉండే ఉద్యోగి.

“ఆయనకెట్ల ఇస్తం అత్తా? పట్టుకపోడా?”

“ఏంది పిల్లా, ఆళ్ల పొయ్యి ఊర్ల లేదా? ఇయ్యకుంటే ఎంత నామోషీ!”

ఇచ్చి వచ్చాను. నాకేదారు భార్య సంబరంగా అందుకుంది. మాంసం ఎక్కడిదని ఆయన కడుపునిండా తిన్నాకే అడిగాడట. చెయ్యి కడుక్కుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. చూరు కింద కొమ్ములు ఉండనే ఉన్నాయి, మా ఆయన్ని పట్టుకుపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నది అరిగేదాకానైనా ఆగలేదు మహానుభావుడు.

కొంటా కచేరీలో తహసీల్దారు మా ఆయనకు శిక్ష వేయబోతుంటే, వెంట వచ్చిన మా ఊరి పెద్ద లేచి దండం పెట్టాడు.

“దొరా, మాంసం అందరం పంచుకున్నం. సజా గూడ పంచుండ్రి. ఇంటికిన్ని దినాలు మేం కూసుంటం.”

వెనకున్నవాళ్లంతా తలలూపారు. దొర నవ్వలేదు. జైలు పంచుకునేది కాదని చెప్పి, మా ఆయన ఒక్కడికే మూడు నెలలు రాశాడు.

అంటే కోతలు, నూర్పిళ్లు అన్నీ అందులోనే పోతాయి. చేనంతా పండి ఒరిగి ఉంది, ఇంట్లో అత్తా నేనూ. గింజ రాలిపోతే ఏడాదంతా ఏం తింటామని భయపడి ఏడ్చాను.

తెల్లారి చేనుకు వెళ్తే, ఇంటికొకరు కొడవలితో నిలబడి ఉన్నారు. మేమెవరినీ పిలవలేదు. ఎవరు కోయాల్సిన మునుం వాళ్లు పంచుకుంటుంటే, గట్టు మీద నాకేదారు భార్య కనిపించింది. చేతిలో కొత్త కొడవలి, పట్టుకోవడం కూడా రాదు. పొమ్మందామని నోరు తెరిచాను.

“మేం గూడ తిన్నం గద అక్కా,” అంది వచ్చీరాని తెలుగులో, తల దించుకుని.

నా పక్క మునుం ఆమెకు చూపించాను.