లుకేర్యా తల్లిది ఏ ఊరు

లూగా ఏటి దిగువ ఊళ్లలో ఫ్యోక్లా చెవికి పేరుంది. రెండు మాటలు వింటే చాలు, ఎదుటి మనిషి తల్లి ఏ ఊరిదో చెప్పేసేది. అక్కడ రష్యన్లతో పాటు ఇజోరా, వోద్ అనే రెండు చిన్న జాతులవాళ్లుండేవారు, ఎవరి భాష వాళ్లది. ఆమె పుట్టింది ఇజోరా వాళ్లింట్లో, మెట్టింది వోద్ వాళ్లింట్లో. అత్తగారు పోయేదాకా ఆమెతో వోద్ భాషలోనే మాట్లాడింది.

రెండో ప్రపంచ యుద్ధమయ్యాక ప్రభుత్వం ఆ రెండు జాతుల జనాన్ని రైళ్లెక్కించి దూరాలకు పంపేసింది. తిరిగొచ్చేందుకు పదేళ్లు పైనే పట్టింది. వచ్చినవాళ్లు భయంతో సొంత భాషను గొంతులోనే దాచుకుని పిల్లలతో రష్యన్ మాట్లాడారు.

లుకేర్యా అరవై రెండులో వచ్చి ఊరి చివరి ఇల్లు కొనుక్కుంది. తాను ప్‌స్కోవ్ వైపు రష్యన్‌నని చెప్పుకుంది. కాగితాల్లోనూ అదే ఉంది.

ఆ వసంతంలో దుంపలు నాటేముందు ఆడవాళ్లంతా సమష్టి పొలంలో రాళ్లేరుతున్నారు. లుకేర్యా పాదం మీద ఓ రాయి జారిపడింది. పళ్ల బిగువున ఒక్క మాటంది: "చివి." వోద్ భాషలో రాయి అని. ఇజోరా మనిషైతే 'కివి' అనేది. రష్యన్ మనిషి ఆ రెండూ అనదు.

జట్టు నడిపే జోయా తలెత్తి చూసింది. "ఏమంటోంది పిన్నీ ఆవిడ?"

"ఏమంటుంది, తుమ్మింది," అంది ఫ్యోక్లా, వంచిన నడుం ఎత్తకుండానే.

ఆదివారం ఫ్యోక్లా చేప కూరి కాల్చిన రొట్టె పళ్లెంలో పెట్టుకుని లుకేర్యా ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే వోద్‌లో పలకరించి, మీ అమ్మది యొగొపెరా ఊరేనా అని అడిగింది. లుకేర్యా రొట్టె అందుకుని, అర్థం కాలేదని రష్యన్‌లో చెప్పి తలుపేసుకుంది. మర్నాడు పళ్లెం కడిగి ఫ్యోక్లా ఇంటి కంచె మీద పెట్టి పోయింది. ఫ్యోక్లా మళ్లీ ఆ ఊసెత్తలేదు. తన చెవే పొరబడిందేమోనని మాత్రం చలికాలం వచ్చేదాకా నలిగింది.

నాలుగేళ్ల తర్వాత ఇద్దరూ క్రాన్‌బెర్రీ పళ్లకని చిత్తడి నేలలోకి వెళ్లారు. తక్కినవాళ్లు ముందుకు పోయారు. లుకేర్యా పళ్లు ఏరుతూనే వోద్‌లో అంది:

"యొగొపెరా కాదు, లీవ్‌చులా. నీ చెవి సగమే పనిచేస్తుందే."

ఫ్యోక్లాకి ముందు రోషమొచ్చింది. "ఒక్క ముక్కకి ఇంకేం తెలుస్తుంది? ఆ రోజు తలుపు తీసి ఇంకో నాలుగు మాట్లాడి ఉంటే సరిగ్గా చెప్పేదాన్ని."

"పక్కింటి కిటికీ తెరిచి ఉంది." లుకేర్యా ఇంకో గుప్పెడు పళ్లు బుట్టలో వేసి, "నువ్వెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ చూశాను," అంది.

తమను పంపించేసిన చోటే తన తల్లి పోయిందనీ, ఆ తర్వాత ఎవరితోనూ ఈ భాష మాట్లాడలేదనీ చెప్పింది. ఆ పూట వాళ్ల బుట్టలు నిండలేదు.

లుకేర్యా ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. ఊళ్లో ఎదురైతే రష్యన్‌లోనే పలకరించుకునేవారు, మిగతాదంతా చిత్తడిలోనే.

ఆమె పోయాక సామాను సర్దడానికి కూతురొచ్చింది. మీ అమ్మమ్మది ఏ ఊరని ఫ్యోక్లా అడిగితే ప్‌స్కోవ్ దగ్గర అంది. ఫ్యోక్లా ఆమెను కూర్చోబెట్టి ఉన్నది చెప్పింది.  అంతా విని కూతురు, లీవ్‌చులాకి బస్సు ఎన్నింటికని అడిగింది.