ఎడమవైపు కిందికి వేసిన బంతులు

ఆరేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. పనుల్లో పడితే అది ఉన్నట్టే తెలియదు. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు మాత్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాయగలుగుతున్నాను. ముందే ఒకటి చెప్పాలి. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించగలిగిన మనిషి మీరు కాదు. ఆ మనిషి ఎదుటపడి అడిగే మొహం నాకు లేదు. పాపం చిన్నవయసు, తెలియక చేసి ఉంటుంది అని మీరు సర్దిచెప్పబోతుంటే ఇక్కడితో చదవడం ఆపేయండి. నాకప్పటికి ఇరవై ఏళ్ళు. తెలిసే చేశాను.

పాప పక్కనే పడుకుని ఉంది. పది నెలల పిల్ల. ఈ కాగితం ముందు కూర్చున్నాక కూడా వంగి వంగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. అయినా చూస్తాను. అది పుట్టినప్పటి నుంచీ నాకు ఇదో భయం. ఎవరికో నేను చేసిన దానికి ఎక్కడో లెక్క తేలుతుందని నేను నమ్మను. నమ్మనని పగలు గట్టిగా అనుకుంటాను. దీపం తగ్గించాక అంత గట్టిగా అనలేను.

నేను నూజివీడులో డిగ్రీ చదివాను. మా నాన్నగారికి బాపులపాడు వైపు కొంత వరి, నూజివీడు పక్కన మామిడితోట ఉన్నాయి. కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకి కెప్టెన్‌ని నేనే. ఇలా రాస్తే గొప్పగా ఉంటుంది. ఊళ్ళో మాత్రం మమ్మల్ని టిఫిన్ టీమ్ అనేవారు. పోటీలకని వెళ్ళి, టిఫిన్ తిని, మొదటి ఆట ఓడిపోయి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేస్తామని. రెండేళ్ళు అలాగే తిరిగొచ్చాం. బస్సు దిగి తల వంచుకుని నడిచేటప్పుడు, ఈ టీమును నడిపిస్తున్నది నేను కాబట్టే ఈ మాత్రమైనా ఆడుతున్నాం అని మనసులో అనుకునేదాన్ని. అది నిజమే. ఇప్పటికీ నిజమే అంటాను.

ఫైనలియర్ మొదట్లో నాగమణి వచ్చింది. అసలు పేరు అది కాదు. బెజవాడ కాలేజీ నుంచి టీసీ తీసుకుని మా దాంట్లో చేరింది. వాళ్ళది మైలవరం రోడ్డులో కూలి చేసుకునే కుటుంబం. తండ్రి లేడు. వాళ్ళమ్మ తోటల్లో పనికి వెళ్ళేది. మా తోటకీ వచ్చేది. ఆవిడకి ఆయాసం ముదిరి ఇంట్లో చూసేవాళ్ళు లేకపోతే, లారీ నడిపే అన్నయ్య చెల్లెల్ని వెనక్కి పిలిపించాడు.

ఎంత పొడుగో చెప్పలేను. క్లాసు గుమ్మంలోకి వస్తూ అలవాటుగా తల కాస్త వంచేది. మొదటిరోజు కోర్టులోకి దిగగానే గోడమీద కూర్చున్న మగపిల్లల్లో ఒకడు అన్నాడు:

"ఒరేయ్, ఈ ఏడు చిక్కాలు కొనక్కర్లేదురా. ఈవిణ్ణి తోటలో నిలబెడితే చేత్తో కోసేస్తుంది."

చిక్కం అంటే కాయలు కోసే పొడుగు కర్ర, చివర వల ఉంటుంది. నాగమణి బంతి చంకలో పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"కోస్తాను తమ్ముడూ. నువ్వు కింద గంప పట్టుకో."

గోడమీది వాళ్ళందరూ నవ్వారు, అన్నవాడు తప్ప. మేమూ నవ్వాం. మా టీములో ఎవరైనా మాటకి మాట చెప్పడం అదే మొదలు.

ఆమె నన్ను "మీరు" అనేది. నాలుగు రోజులు చూసి ఆటలో "నువ్వు" అనమన్నాను. "ఏవండీ, బంతి ఇటివ్వండి అనేలోపు వాళ్ళు వేసేసి పోతారే" అన్నాను. పడీపడీ నవ్వింది. ఆ తర్వాత "ఇవ్వవే, ఏం చూస్తున్నావ్" అని అరిచేది. నాకు బాగుండేది. నిజం చెబుతున్నాను. ఆ ఆర్నెల్లలో నాకు ఆమె మీద ఉన్నది ఇష్టమే. దీన్ని అసూయ కథగా చదవాలనుకునేవాళ్ళకి ఇది అడ్డొస్తుంది. నాకూ అడ్డొస్తూనే ఉంది.

నాగమణి సెంటర్ ఆడేది. సెంటర్ అంటే రింగుకి దగ్గరగా, దానికి వీపు పెట్టి నిలబడే ప్లేయర్. బయటినుంచి ఎవరో ఒకరు బంతి అందించాలి. అందితే తిరిగి వేసేయడమే. మా టీములో అందించేది నేను. నేనివ్వడం, ఆమె వేయడం. సాయంత్రాలు కోర్టు చుట్టూ జనం చేరసాగారు. క్యాంటీన్ ఆయన ప్రాక్టీసు అయ్యాక మా అందరికీ నిమ్మసోడా ఇచ్చేవాడు. మా పి.డి. మేడమ్, అంటే మాకు ఆటలు నేర్పే ఆవిడ, ఎన్నాళ్ళుగానో అడుగుతున్న కొత్త బంతి ప్రిన్సిపాల్ గారు తెప్పించారు. ఈ ఏడు టిఫిన్‌తో సరిపెట్టరట, భోజనానికి కూడా ఉంటారట అని బజారులో అనుకునేవారు.

ఒక సాయంత్రం కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాం. నాగమణి తన ఎడమచెయ్యి నా ముందు పెట్టింది.

"దీన్ని వెనక్కి వంచు" అంది.

వంచాను. సగం వరకే వచ్చింది.

"చిన్నప్పుడు చెట్టుమీంచి పడ్డాను. నాటు కట్టు కట్టించారు. వంకరగా అతుక్కుంది. పైకి ఇస్తే ఎలాగైనా పట్టేస్తాను. ఎడమపక్క కిందికి ఇస్తే మాత్రం నిలవదు. అటివ్వకే."

"మేడమ్‌కి తెలుసా?"

"తెలిస్తే ఉంచుతారా? ఎవరికీ చెప్పకు. యూనివర్సిటీ టీముకి ఆడానంటే రైల్వేలో తీసుకుంటారంట. అన్నయ్య ఈ ఒక్క ఏడే చూస్తానన్నాడు. లేకపోతే చదువు మానేసి పనిలోకి పోవాల్సిందే."

చెప్పనన్నాను. ఆమె నమ్మింది. ఆ రోజు నుంచి ప్రతి బంతీ ఆమె కుడి భుజానికి పైన, వేళ్ళకి అందేటట్టు వేశాను. ఎంత బాగా వేసేదాన్నంటే ఆమె చేతిలో లోపం ఉందని ఎవరికీ అనుమానం రాలేదు. ఆ లోపాన్ని దాచినవి నా పాసులే.

పోటీలు గుంటూరులో జరిగాయి. మొదటి ఆట గెలిచాం. రెండోదీ గెలిచాం. రాత్రి బడిగదిలో పడుకుని మేమెవరమూ నిద్రపోలేదు. మర్నాడు సెమీఫైనల్‌కి బస్సులో వెళుతుంటే మేడమ్ నా పక్కన కూర్చున్నారు.

"ఇవాళ సెలెక్టర్లు వస్తారమ్మా. మన కాలేజీ నుంచి తీసుకుంటే ఒక్కరినే తీసుకుంటారు. నాగమణికి బాగా అందించు. దానికి ఛాన్సుంది."

ఇక్కడ ఆగాలి. ఎన్నోసార్లు ఈ చోటికొచ్చి వెనక్కి పోయాను. ఈ రాత్రి పోను. "ఒక్కరినే" అని మేడమ్ అన్నప్పుడు నా మనసులో ముందు లేచిన మాట "నాకెందుకు రాదు" అన్నది కాదు. "దానికా?" అన్నది. మా తోటలో కాయలు ఏరుకునే మనిషి కూతురికా? ఆర్నెల్లు పక్కన కూర్చుని సోడా తాగిన పిల్ల మీద, నన్ను "నువ్వు" అనమని నేనే అడిగిన పిల్ల మీద, ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఎవరూ నేర్పలేదు. నేర్పక్కర్లేకుండానే వచ్చింది. దాని వెనకాల మిగతావీ వచ్చాయి: ఓడినన్నాళ్ళూ మోసింది నేను, తల వంచుకుని నడిచింది నేను, గెలిచే ఏడాది వచ్చి ఫలం పట్టుకుపోయేది ఆమె. ఇవి అబద్ధాలు కావు. కానీ వెనకాల వచ్చినవే.

ఆట మొదట్లో ఒక బంతి పొరపాటున ఎడమవైపు కిందికి పోయింది. ఎదుటి పిల్ల నా మీద పడింది, చెయ్యి తడబడింది. అది పొరపాటేనని నేను ఎక్కడైనా చెప్పగలను. నాగమణి చేతిలోంచి అది జారిపోయింది. చుట్టూ జనం "అబ్బా" అన్నారు. ఆ శబ్దం విన్నాను.

రెండోది పొరపాటు కాదు.

మూడోదీ కాదు. ఆ తర్వాతవీ కాదు. బంతి చూడటానికి చక్కగానే వెళ్ళేది. అరచేతి దూరం కిందకి, అరక్షణం ఆలస్యంగా. బయటినుంచి చూసేవాళ్ళకి ఆమె వదిలేస్తున్నట్టే ఉంటుంది. నాగమణి రెండుసార్లు నావైపు చూసింది. "పైకి" అంది ఒకసారి, పెదవులతోనే. గట్టిగా అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే చెయ్యి చూపించాలి. చెయ్యి చూపిస్తే అక్కడితో అయిపోతుంది. ఆమె నోరు విప్పే వీల్లేదని తెలిసే అక్కడికి వేశాను. తొందరలో జరిగిన పని అయితే ఇంత తెలివిగా జరగదు.

మేడమ్ ఆమెను బయట కూర్చోబెట్టారు. ఆ తర్వాత నేనే షూట్ చేశాను. బాగా ఆడాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. అయినా టీము ఓడింది. సెలెక్టర్లలో ఒకాయన మేడమ్‌తో అన్నమాట మా అందరికీ వినిపించింది: "పొడుగైతే ఉందండి, చేతులు లేవు." నన్ను తీసుకున్నారు.

తిరుగుప్రయాణంలో బస్సు ఆగినచోట నాగమణి నా దగ్గరికి వచ్చింది.

"బాగా ఆడారండి" అంది.

అండి అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"చెయ్యి సంగతి మేడమ్‌కి చెప్పకండి. ఇంకెక్కడైనా ఛాన్సు దొరుకుతుందేమో."

చెప్పలేదు. ఆ ఒక్కమాట నిలబెట్టుకున్నాను. నిలబెట్టుకోవడం నాకే లాభం కనుక. సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. వేసవిలో నాన్నగారితో మామిడికాయలు తోలుకుని ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళినప్పుడు చూశాను. గడ్డి పరిచిన గంపలు లారీ మీదికి ఎత్తుతోంది. మిగతా ఆడవాళ్ళు ఇద్దరేసి కలిసి ఎత్తే గంపని ఒక్కతే ఎత్తి పైవాడికి అందిస్తోంది. నేను జీపు దిగలేదు. ఆమె చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుంది.

నేను యూనివర్సిటీ టీములో బెంచీ మీద కూర్చున్నాను. ఫొటో దిగాను. డిగ్రీ అయ్యాక పెళ్ళయింది. ఆ ఆటతో నాకు ఏ ఉద్యోగమూ రాలేదు, నేను అడగలేదు. నాకు అవసరం లేని తలుపు అది. వేరొకరికి ఉన్న ఒకే తలుపు. మూసేసి, ఆవైపు మళ్ళీ చూడను కూడా లేదు. ఆ ఫొటో మా ముందు గదిలో ఉంది. మావారు వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. "మా ఆవిడ యూనివర్సిటీ ప్లేయరండి" అంటారు. వాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళతాను.

మొన్న పాపని ఆ ఫొటో దాకా ఎత్తి, "అమ్మలాగా అవ్వాలిరా" అన్నారు. ఆ రాత్రి ఆయనకి చెప్పాను. అంతా చెప్పాను. ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే.

"బంతాటేగా. ఆటలో ఎవరి స్వార్థం వాళ్ళు చూసుకుంటారు. ఇన్నేళ్ళు దీనికా బాధపడ్డావ్? పిచ్చిమొహమా."

నా తల నిమిరి అటు తిరిగి పడుకున్నారు. నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మంచి మనిషి ఆయన, నన్ను తేలిక చేద్దామనే అన్నారు. కానీ నేను తేలిక పడాలంటే నాగమణి బతుకు తేలికది అయిపోవాలి. ఆడపిల్లల ఆట, అందులో కూలివాళ్ళ పిల్ల, పోతే పోయింది, అన్నట్టు అయిపోవాలి. నేను ఒప్పుకోను. నా తప్పు ఎంత ఉందో అంతా నాకు కావాలి. మావారు గాని, మీరు గాని, ఎవరూ దానిలోంచి పిసరు కూడా తగ్గించడానికి వీల్లేదు. తగ్గించినకొద్దీ ఆమెనే మళ్ళీ బయట కూర్చోబెట్టినట్టు.

పాప ఇప్పుడే నిద్రలో చేతులు చాపింది. ఎత్తుకుంటానని దానికి ఎంత నమ్మకమో. ఈ చేతుల సంగతి దానికి తెలియదు. పెద్దయ్యాక చెబుతాను. వినడం దానికి ఇష్టం లేకపోయినా చెబుతాను.

మా కాలేజీవాళ్ళు కలిస్తే ఇప్పటికీ ఆ ఏడాది మాట వస్తుంది. "నాగమణి మీద ఎంత ఆశ పెట్టుకున్నామే, అసలు సమయానికి చేతులెత్తేసింది" అంటారు. ఇన్నాళ్ళూ విని ఊరుకున్నాను. ఇందులో పేర్లు మార్చాను గాని ఊళ్ళు మార్చలేదు, ఆట మార్చలేదు. పోల్చుకునేవాళ్ళు పోల్చుకుంటారు. చెయ్యి సంగతి చెప్పనని ఆమెకిచ్చిన మాట కూడా దీంతో తప్పుతున్నాను. అదీ నా ఖాతాలోనే రాయండి.

ఆ సెమీఫైనల్లో మా టీమును ఓడించింది నేనే. ఇప్పుడిది మీకూ తెలుసు. నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకన్నా ఏమీ అడగడం లేదు.