ఆడోళ్లకు అందాజ దొరకది

చొప్పదండి దగ్గర ఒక హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. కరీంనగర్ నుంచి రోజూ కారు నడుపుకుంటూ వెళ్తాను. బడిలో రేకుల షెడ్డు కింద, రెండు స్తంభాల నడుమ కారును వెనక్కి నడిపి పెట్టడం చేతికి అలవాటైన పని.

పోయిన వేసవిలో బోథ్‌లో మా ఆడబిడ్డ వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు కూడా నేనే ఎక్కించాను. మా ఆయన పక్క సీట్లో నిద్రపోయాడు. వెనక మా తొమ్మిదేళ్ల బిడ్డ కోతులను చూస్తూ కూర్చుంది.

ఆడబిడ్డ ఇంటి ముందు షామియానా కింద మగవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కారును గోడకూ షామియానా గుంజకూ మధ్య వెనక్కి పెట్టాలి. ఆడబిడ్డ భర్త లేచి వచ్చి, పక్క సీట్లో ఉన్న మా ఆయన వైపు చెయ్యి చూపించాడు.

"చెల్లె, చావి మా బామ్మర్దికియ్యి. ఆడోళ్లకు ఎనుకకు తీసుడు అందాజ దొరకది."

"నేనే పెడ్త అన్నా" అన్నాను పంతంగా.

కుర్చీలన్నీ నా వైపు తిరిగాయి. ఒకరు ఇటు అంటే ఒకరు అటు అని చేతులు ఊపారు. మా ఆయన పక్క సీట్లోంచే "జర చూస్కో, జర చూస్కో" అనడం మొదలుపెట్టాడు. స్టీరింగ్ ఎటు తిప్పితే బండి ఎటు పోతుందో ఒక్కసారిగా మరిచిపోయాను. బంపర్ గోడకు గీరుకుంది.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వి, "ఆడోళ్ల అందాజ గింతే అన్నా" అని తాళంచెవి ఇచ్చేశాను. అలా అంటే సిగ్గు కాస్త తగ్గుతుందనుకున్నాను. తిరుగు దారంతా వెనక సీట్లో కూర్చున్నాను.

బడులు తెరిచాక ఒక సాయంత్రం బిడ్డ లెక్కల పుస్తకం ముందేసుకుంది. బొమ్మలోని గడులను మడిస్తే ఏ డబ్బా అవుతుందో చెప్పాలి. అలాంటివి అంతకుముందు ఎవరినీ అడక్కుండా చేసేది. ఆ రోజు పుస్తకం మూసేసింది.

"డాడీ అచ్చినంక చేస్త."

"ఎందుకు? నేనున్న గద."

"ఆడోళ్లకు అందాజ దొరకదట గద మమ్మీ. నువ్వు గూడ గట్లనే అన్నవ్."

నా ముఖం వేడెక్కింది. "నవ్వులకు అన్న బిడ్డా. అది నిజం కాదు."

"మరి కారు నిజంగనే తాకింది గద?"

రాదు, రాదు అని నలుగురూ అంటుంటే వచ్చిన పని కూడా చేతులకు తప్పుతుందని చెప్పాను. నాకే అది సాకులా వినిపించింది. ఆ శనివారం ఆమెను నాతో బడికి తీసుకెళ్లి, షెడ్డు ముందు నిలబెట్టి, ఒకే ఊపులో కారు వెనక్కి పెట్టి దిగాను. స్తంభాలను, కారును మార్చి మార్చి చూసింది.

"మంచిగనే అస్తది గద! మరి రాదని గాళ్లకెందుకు చెప్పినవ్?"

క్లాసులో ఆడపిల్లలను బోర్డు దగ్గరికి పిలిచి, "భయమెందుకు, వస్తుంది" అనే మనిషిని నేను. నా బిడ్డ వింటుండగా మాత్రం షామియానా కింది మగవాళ్ల మాటే నా నోటితో అన్నాను.

మొన్న ఇంకో లెక్క దగ్గర ఆగిపోయి "డాడీ!" అని కేకేసింది. నేను పక్క గదిలోనే ఉన్నాను.