లాభం, రెండు, మూడు

బాపట్లలో మేం వచ్చే వారం పని మొదలుపెట్టే స్థలం చూపిద్దామని ఇవాళ మా పనివాళ్ళను తీసుకొచ్చాను. పక్క స్థలంలో ఎవరిదో కొత్త స్లాబు. తడి సిమెంటు వాసన తగలగానే పేర్లు రాసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. తెనాలిలో కాలవగట్టు కింద మా ఇంటి వాసన అది. అమ్మ చీర కొంగులోనూ, తలకు రాసుకునే కొబ్బరినూనెలోనూ కలిసిపోయి ఉండేది.

అప్పట్లో స్లాబు పోయాలంటే ఆడవాళ్ళు కిందినుంచి పైదాకా బారుగా నిలబడి, కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటూ అందించేవాళ్ళు. ఎన్నో ఏళ్ళు ఎవరో ఒక మేస్త్రీ కింద చేసిన అమ్మకు, నా ఎనిమిదో ఏట, రేపల్లెలో బియ్యం మిల్లు గోదాము స్లాబు సొంతంగా ఒప్పుకునే వీలు చిక్కింది. కాంట్రాక్టరు ఒకటే చెప్పాడు: ముప్పైమంది ఉండాలి, బారు తెగకూడదు, తెగితే మళ్ళీ పిలవను. అమ్మ అక్కడికి వెళ్ళి, కంకర కలిపే చోటినుంచి పైదాకా తాడు పట్టి, మనిషి నిలబడే చోటల్లా ఒక ముడి వేసుకొచ్చింది. ముప్పై ముళ్ళు.

అది కార్తీకం. పొద్దుటిపూట మంచు, ఊరవతల కోతకొచ్చిన వరి వాసన, రోట్లో నలిగే కొత్త చింతకాయల పులుపు. ఆడవాళ్ళు మా వాకిట్లో చేరి, తట్టల అంచులు వేళ్ళు కొయ్యకుండా రాయితో అరగదీస్తూ, చేతులకు చుట్టుకోడానికి పాత చీరలు పేలికలుగా చింపుతూ కబుర్లాడుకునేవాళ్ళు. మేం పిల్లలం ఆ పేలికలు ఏరుకుని బొమ్మలకు చీరలు కట్టేవాళ్ళం.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం సుబ్బమ్మ పెద్దమ్మ మనుషుల్ని లెక్కపెట్టింది. కల్లాల్లో ధాన్యం కొలిచిన మనిషి కాబట్టి మనుషుల్నీ అలాగే కొలిచింది. తన గుండెమీద చెయ్యి వేసుకుని ‘లాభం’ అంది. తర్వాత ఒక్కొక్కరి భుజం తడుతూ రెండు, మూడు అంటూ పోయి, ఏడు అనకూడదని ‘ఆరున్నొకటి’ అని, పది కాగానే మళ్ళీ లాభం దగ్గర ఎత్తుకుంది. అంకె వినపడినప్పుడల్లా గోడమీద బొగ్గుతో గీత పెట్టడం నా పని. బడికి పోకపోయినా, పాత క్యాలెండరు చూసి అంకెలు నేర్చుకున్నాను. అందులో లాభం లేదు. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను.

“ఇరవై ఏడే అమ్మా,” అన్నాను.

అమ్మ ముఖం పాలిపోయింది. “ముగ్గురు తక్కువా! ఈ కోతల్లో ఎవరొస్తారే?” నా గీతలంటే ఆవిడకి ఎంత నమ్మకమంటే, తిరిగి చూడనైనా చూడకుండా మనుషుల కోసం గట్టువెంట సంగం జాగర్లమూడి ఊరికి నడిచిపోయింది. నేను మూడుసార్లు గీతలు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఇరవై ఏడే.

పొద్దుగూకే వేళకు అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. కాళ్ళనిండా దుమ్ము. “రాలేమని కబురంపాలి,” అంటూ లోపలికి వస్తూ వాకిట్లో ఆగిపోయింది. ఆడవాళ్ళు ఇళ్ళకు పోకుండా పెద్దమ్మ తాడు పరిచి, అందరినీ ముళ్ళమీద నిలబెట్టి, ఖాళీ తట్టలు అందించడం మొదలుపెట్టించింది. అమ్మ తాడువెంట ఆ చివరిదాకా నడిచి, మళ్ళీ ఈ చివరికి వచ్చింది.

“ఖాళీ ముడి లేదేంటక్కా?”

“ఎందుకుంటదే? మొదటి ముడి మీద నేను లేనా?”

“నువ్వెన్నోదానివి?”

“లాభాన్ని!”

“లాభానికీ గీత పెట్టాలా?” అన్నాను నేను.

ఒక్క క్షణం తట్టలు ఆగిపోయాయి. తర్వాత బారంతా విరగబడి నవ్వింది. “ఓసి నీ లెక్క తగలెయ్యా! ముగ్గుర్ని మింగేసి ఏం ఎరగనట్టు కూచున్నావటే!” అంది పెద్దమ్మ. అమ్మ తిట్టలేదు. బోర్లించిన తట్టమీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, నా చేతిలో బొగ్గు తీసుకుని గోడమీద మూడు గీతలు తనే గీసింది.

మర్నాడు మొదటి రైలుకి చింతకాయ పచ్చడి అన్నం మూటలతో రేపల్లె వెళ్ళాం. సాయంత్రానికి స్లాబు పూర్తయింది, బారు తెగలేదు. కాంట్రాక్టరు అమ్మను మళ్ళీ పిలిచాడు. ముఠాలో నా పేరు లాభం అయింది.

ఇప్పుడు కాంక్రీటు లారీలో వస్తుంది, గొట్టంలోంచి పైకెక్కుతుంది. ఆ బార్లు లేవు, ముళ్ళ తాడు లేదు, ఆరున్నొకటి అనే పెద్దమ్మ లేదు. మేం మొత్తం పదకొండుమందిమి. తిరిగి వ్యాను ఎక్కుతుంటే లెక్కపెట్టాను. అందరికన్నా ముందు ఎక్కబోతున్న అమ్మాయి ఆగి, “నన్ను లాభం అంటారేంటండి?” అంది.

“నువ్వు ఎక్కమ్మా,” అని, ముందు ఆ పిల్లకు గీత పెట్టాను.