పంపు మీద తడిగుడ్డ

ఈరోజు ఎండ మండిపోతోంది. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా బాక్సులు దించుతుంటే, పక్కన ఒక పాత డీజిల్ వ్యాను మిస్ కొడుతూ, ఆగి ఆగి స్టార్టయింది. ఆ పొగ వాసనకు మా నాన్న వ్యాను గుర్తొచ్చింది.

అది పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టయ్యేది. వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం ఇదే తంతు. డీజిల్‌లో కిరోసిన్ కలిపే రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. నాన్నకు డ్రైవర్ యాదగిరి మామ మీద అనుమానం వచ్చింది. బండ్లు బాగుచేసే కార్ఖానాలో, మెకానిక్ ఎదుటే మామను అడిగేశాడు.

"డీజిల్ అమ్ముకొని కిరోసిన్ పోస్తున్నవ్ గదరా?"

"నా పిల్లల మీద ఒట్టన్నా. ఎన్నడు పొయ్యలే."

"ఒట్లెవనికి గావాలె?"

మెకానిక్ వేడి ఇంజన్ డీజిల్ పంపుకు గుడ్డ చుట్టి, దాని మీద చన్నీళ్లు పోశాడు. కాసేపాగి తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మిస్ లేకుండా అందుకుంది.

"పంపు అరిగిందన్నా. వేడికి డీజిల్ పల్చనై లోపల్నే జారిపోతుంది. తిట్టేదుంటే పంపును తిట్టు."

నాన్న మామ వైపు తిరిగాడు. "సరే యాదగిరీ, రేపు జెర జల్ది రా."

 మామ తాళంచెవి సీటు మీద పెట్టి, డ్యూటీ అయిపోకముందే, మధ్యాహ్నం మూడింటికే వెళ్లిపోయాడు.