పైపు కోసం వంతెన అడిగిన ఉత్తరం

వంతెన అడుగుదామన్నది నేనే. ఈ గొప్పలో ఇంకెవరికీ వాటా ఇవ్వను. అంత తెలివితక్కువ పనిని అంత మంచి ఇంగ్లీషులో, మూడు పేజీల నిండా టైపు చేయగలవాణ్ణి ఆ రోజుల్లో మా వైపు నేనొక్కణ్ణే.

ఫిజీకి స్వతంత్రం వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. ఆఫీసుల్లో తెల్లవాళ్ళు ఖాళీ చేసిన కుర్చీల్లోకి ఇక్కడివాళ్ళు వస్తున్నారు. మా నాన్నకు బా అనే ఊళ్ళో బట్టల కొట్టు. నేను గల్లాపెట్టె పక్కనే పెరిగాను. మా కొట్లో ఏ గుడ్డకైనా చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఒకటి. చెప్పిన ధరకే మారుమాట లేకుండా కొనుక్కుపోయినవాణ్ణి చూస్తే నాన్నకు ఆ రోజంతా అన్నం సహించేది కాదు. మనం తక్కువ చెప్పామా, లేక వాడిచ్చిన నోటు దొంగదా అని బెంగ. నాకు అబ్బిన చదువంతా ఆ అనుమానమే.

మా అమ్మ అక్క, పెద్దమ్మ, ద్రాసా అనే పల్లెలో ఉండేది. భర్త పోయాక వాగు అవతలి చెరకు తోటే ఆమెకు ఆధారం. ఆ ఏడు వానలకు వాగు మీద దాటే చోటు కొట్టుకుపోయింది. పెద్ద కట్టడమేమీ కాదు, ఒక సిమెంటు పైపు, దాని మీద కంకర. అది లేకపోతే లారీ అవతలికి పోదు. లారీ పోకపోతే చెరకు నరికే గ్యాంగు ఆమె వంతు వదిలేసి పక్క పొలానికి వెళ్ళిపోతుంది. ఏడాది చివర మిల్లు ఆగేలోపు చెరకు చేరకపోతే ఇక అది పొలంలో నిలబడి ఎండవలసిందే.

పెద్దమ్మ బస్సెక్కి నేరుగా కొట్టుకే వచ్చింది.

"సర్కారుకు ఒక చిట్ఠీ రాయరా. ఒక పైపు వేయమను. బస్."

"పైపు అడిగితే సగం పైపు ఇస్తారు పెద్దమ్మా. వంతెన అడుగుదాం. వాళ్ళు తగ్గించుకుంటూ వచ్చి పైపు దగ్గర ఆగుతారు."

"ఆగకపోతే?"

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. బేరం తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న అనుకున్నాను.

వాగు అవతల ఉన్నవి నాలుగు ఇళ్ళు. ఉత్తరంలో నలభై అయ్యాయి. బడి పిల్లలు, నెలలు నిండిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరినీ తీసుకొచ్చి వాగు ఒడ్డున నిలబెట్టి ఏడిపించాను. పైపు ఎక్కడ విరిగింది, ఎప్పుడు విరిగింది అన్న సంగతికి మూడో పేజీ అడుగున ఒక్క వరుస మిగిలింది. సంతకాలు కొట్లోనే పోగుచేశాను. చొక్కా గుడ్డ కొన్నవాడెవడికీ సంతకం పెట్టనిదే చిల్లర ఇవ్వలేదు.

రోడ్ల ఆఫీసరు నా వయసువాడే, ఫిజీయన్. ఇక్కడ మనవాళ్ళు మాట్లాడే హిందీ నాకంటే బాగా మాట్లాడాడు. అక్కడే మొదటి అనుమానం. కూర్చోమన్నాడు, రెండోది. మూడు పేజీలూ వేలు పెట్టి మరీ చదివాడు. అర్జీ మొత్తం చదివే ఆఫీసరును నేను అంతవరకు చూడలేదు. వీడికి ఏదో కావాలి అని తేల్చుకున్నాను.

వంతెనే కావాలా అని అడిగాడు. వంతెనే అన్నాను. పైపు వేస్తే సరిపోదా అన్నాడు. బేరం మొదలైందని లోపల ఒకటే సంబరం. మొదటి మాటకే దిగేవాడు మా నాన్న కొడుకు ఎలా అవుతాడు? సరిపోదన్నాను. ఆయన తల ఊపి, కాగితం మూల ఏదో రాసి, సరే వెళ్ళిరమ్మన్నాడు.

మా కొట్లో బేరం కుదరక లేచిపోయేవాణ్ణి గుమ్మం దగ్గర వెనక్కి పిలవడం ఆనవాయితీ. అందుకని నేను గుమ్మం దాకా చాలా నిదానంగా నడిచాను. తలుపు మీద చెయ్యి వేసి చెప్పు సర్దుకున్నాను. ఆయన పిలవలేదు. తర్వాతి ఫైలు చూసుకుంటున్నాడు.

వంతెన సంగతి జిల్లా ఆఫీసు చేతిలో ఉండదట, ఫైలు రాజధాని సువాకు వెళ్ళాలట. ఆ మాట తర్వాత తెలిసింది. ఉత్తరం అందింది, పరిశీలిస్తున్నాం అని సువా నుంచి ఒక కాగితం వచ్చింది. ఇంకేమైనా రాశారేమోనని దాన్ని వెలుతురుకు పెట్టి కూడా చూశాను. అటు గ్యాంగు నరకడం మొదలుపెట్టింది. పెద్దమ్మ వంతు వచ్చింది, వాళ్ళు ఆమె పొలం వదిలేసి ముందుకు పోయారు. ఆ తర్వాత కొలతలవాళ్ళు కర్రలూ టేపులూ పట్టుకుని ద్రాసాకు వచ్చారు. మర్నాడే పెద్దమ్మ మళ్ళీ కొట్లో ఉంది.

"నలభై ఇళ్ళు ఎక్కడరా? ఆ కొలతల పిల్లలు ఎండలో తిరిగి తిరిగి వెతికినారు. నేనే పిలిచి అన్నం పెట్టి, నాలుగే నాయనా అని చెప్పినా. ఝూఠ్ ఎందుకు రాసినావు?"

ఆఫీసరు చెయ్యి తడపకపోవడమే నా తప్పని నాకు తోచింది. బజారుకు వెళ్ళి, ఇక్కడ దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యాంగోనా మొక్క వేళ్ళు, మంచివి, ఒక కట్ట కొన్నాను. ఏదైనా అడగడానికి వెళ్ళేటప్పుడు అది తీసుకెళ్ళడం ఇక్కడి మర్యాద. లంచానికి అంతకంటే గౌరవమైన వేషం ఉండదని నా లెక్క.

ఆయన దాన్ని మర్యాదగానే తీసుకున్నాడు. చేతులు చరిచి, వాళ్ళ భాషలో నాలుగు మాటలు చెప్పి, పని వేళ అయ్యాక దంచించి, నీళ్ళలో కలిపించి, ఆఫీసులో ఉన్న అందరికీ పోయించాడు. నా లంచాన్ని పదిమంది కలిసి తాగారు. మొదటి కొబ్బరిచిప్ప నా చేతికే ఇచ్చారు. తాగగానే నాలుక మొద్దుబారింది, మంచిదే అయింది. అప్పుడు ఆయన నన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. వెనక పెరట్లో గడ్డిలో సిమెంటు పైపులు వరుసగా పడున్నాయి.

"ఆ రోజే ఒకటి ఇద్దామనుకున్నాను. రెండుసార్లు అడిగాను. నువ్వే వద్దన్నావు."

ఫైలు సువాలో ఉన్నంతకాలం తను ముట్టుకోలేనన్నాడు. వంతెన వద్దని, పైపు చాలని, ఆ పొలం మనిషే రాసివ్వాలి. అరపేజీ మించొద్దన్నాడు.

ఈసారి పెద్దమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. పైపు విరిగిన చోటు, విరిగిన నెల, ఒక లారీ పట్టే వెడల్పు, ఇళ్ళు నాలుగు, మిల్లు ఆగేలోపు కావాలి. మధ్యలో రెండుసార్లు నేను ఆగి, ఇళ్ళు కనీసం ఎనిమిది చేద్దామన్నాను. ఆమె నా వైపు చూసింది. నాలుగే కొట్టాను. చివర వేలిముద్ర వేసి, ఆరేదాకా కాగితాన్ని నా చేతికివ్వలేదు. నా మీద నమ్మకం అంతవరకు వచ్చింది.

పైపు వచ్చింది, మిల్లు ఆగడానికి కొద్దిరోజుల ముందు. గ్యాంగు వెనక్కి వచ్చి నరికినంత నరికింది. పెద్దమ్మ తోట నుంచి పోవలసినవి ఇరవై లారీలు. ఎనిమిది పోయాయి.

లెక్క ఇది. మూడు పేజీల ఉత్తరం ఒకటి, దండగ. అరపేజీది ఒకటి, పనిచేసింది. యాంగోనా కట్ట ఒకటి, పదిమంది తాగారు, నాకు అందవలసిన జవాబు నాకు అందింది. పొలంలో ఎండిపోయిన చెరకు ఎంత అని ఎవరైనా అడిగితే పెద్దమ్మ నా మొహం చూసి, ఆరో ఏడో లారీలు అనేది. చివరిదాకా అలాగే తగ్గించి చెప్పింది. గ్యాంగు లారీల లెక్క చీటీలు నేను చూశాను. పన్నెండు.