మా వకీలు గారు అడగనన్న ప్రశ్నలు

మొన్న ఆదివారం పొద్దున చైతన్యపురి మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్ వచ్చింది. ఎల్బీ నగర్ కోర్టు దగ్గర జిరాక్స్ షాపాయన. "వకీల్ సార్ పోయిండు సార్. గుండెపోటు. మీకెవరన్న చెప్పిన్రో లేదో అని చేసిన." ఆయన చెప్పకపోతే నాకు చెప్పేవాళ్ళు లేరు. వకీలు గారితో రాకపోకలు నేనే తెంచుకుని రెండేళ్ళు దాటింది.

ఐదేళ్ళ కిందట నా మీద లైంగిక దాడి కేసు పడింది. నేనొక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. అక్కడ జవాబు పత్రాలు దిద్దే అమ్మాయి, ఒక సాయంత్రం స్టాఫ్ రూములో నేను తనపై చెయ్యి వేశానని ఫిర్యాదు చేసింది. ఆ సాయంత్రం నేనక్కడ లేనేలేను. అయినా నిప్పు లేనిదే పొగ రాదన్నారు మా అపార్ట్‌మెంట్ వాళ్ళు. నిలదీద్దామని ఆ అమ్మాయి ఇంటికే బయల్దేరాను. దారిలో ఫిర్యాదు కాపీలు తీయిస్తుంటే, షాపాయన నా వాలకం చూసి, ఎక్కడికని ఆరా తీసి, పైన ఆఫీసున్న వకీలు గారి దగ్గరికి పంపాడు.

"యాడికి లెక్చరర్ సాబ్, ఆ పిల్ల ఇంటికా? పో. రేపు బెదిరించినవని ఇంకో కేసు తయారైతది. జర కూసో."

నా చేతిలోని ఫిర్యాదు చదివి వకీలు గారన్న మొదటి మాటలవి. కూర్చోబెట్టి, తన టీలో సగం నాకు సాసర్లో పోశారు. ఆయనకు తెల్ల కాగితం వాడటం ఇష్టముండదు. పాత కోర్టు లిస్టుల వెనకే రాసేవారు. ఆ రోజూ అలాగే రాసిచ్చారు. ఆ పిల్లకు ఫోన్ చెయ్యొద్దు. మనుషుల్ని పంపొద్దు. మెసేజులు చెరపొద్దు. పోలీసులు పిలిస్తే పోవాలె, నేనొస్తా. ముందస్తు బెయిలుకు కాగితాలు సిద్ధం చేస్తూనే, కెమెరా రికార్డింగు భద్రపరచమని కోచింగ్ సెంటరుకు నాచేత ఉత్తరం రాయించారు. "అది నీ కోసం ఆగదు, కొన్ని దినాలైతే చెరిగిపోతది" అన్నారు.

తర్వాత ఫిర్యాదులో చెప్పిన రోజంతా ఏం చేశానో, దానికి ముందు ఆమెతో ఏం జరిగిందో నా చేతిరాతతో రాయమన్నారు. రెండుసార్లు రాస్తే రెండుసార్లూ వెనక్కిచ్చారు. "నీకు నష్టమయ్యే మాట ఒక్కటన్న లేదు ఇందుల. మళ్ళ రాయ్."

మూడోసారి సిగ్గు విడిచి రాశాను. ఫిర్యాదుకు వారం ముందు అందరి ఎదుటా ఆమె మొహాన పేపర్లు విసిరి, బుద్ధి లేనిదానా అన్నాను. చదివి కళ్ళజోడు తీశారు. "ఇప్పుడు నమ్ముతున్న." ఆ కోపంతోనే ఆమె ఫిర్యాదు చేసిందో, వెనక ఇంకెవరైనా ఉన్నారో నాకీనాటికీ తెలియదు. ఆ సాయంత్రం అమ్మను స్కానింగుకు తీసుకెళ్ళిన సంగతి కూడా ఆ మూడో కాగితంలోనే ఉంది. ఆస్పత్రి స్లిప్పు మీద టైమ్ ఉందని పట్టుకున్నది ఆయనే. ఫైలుకు స్టేప్లర్ కొట్టనిచ్చేవారు కాదు, దబ్బనంతో దారం కుట్టేవారు.

విచారణకు ముందు ఎవరో ఆ అమ్మాయి ఎవరితోనో దిగిన ఫోటోలు నాకు పంపారు. సంబరంగా తీసుకెళ్ళి, వీటి గురించి ఆమెను కోర్టులో అడగమన్నాను. ఆయన ఫోన్ బోర్లించి నా వైపు జరిపారు.

"గీ ప్రశ్నలు నేనడగ. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అబద్ధానికి జవాబు రుజువు, బురద గాదు."

"మీరు నా లాయరా సార్, ఆవిడ లాయరా?" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

లాయర్ని మార్చాలంటే పాతాయన అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. నిలబడే పెట్టేశారు. "స్కాన్ స్లిప్పు పైన్నే కుట్టిన. పారేసుకోకు" అని మాత్రం అన్నారు.

కొత్త లాయరు ఆ ప్రశ్నలు అడిగాడు. జడ్జిగారు ఆపేలోపే రెండు అడిగేశాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ వరండాలోకి వచ్చింది. అక్కడ వేరే కేసు కోసం కూర్చున్న మా వకీలు గారు లేచి, తన చోట ఆమెను కూర్చోబెట్టి, తన సీసాలోని నీళ్ళిచ్చారు. నన్ను చూసి, గోడకానుకుని తన ఫైలు తెరుచుకున్నారు. తిట్టినా బాగుండేది.

స్లిప్పు, కెమెరా రికార్డింగు ఆధారంగా నేను నిర్దోషినని తీర్పొచ్చింది. ఆ రెండు ప్రశ్నల ఊసే అందులో లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. నేను ఏటి నడుమే తగలేసినా ఆ తెప్పే నన్ను ఒడ్డుకు చేర్చింది. వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టాల్సింది పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓసారి ఆయన ఎదురైతే చెప్పుల షాపులోకి తప్పుకున్నాను.

ఆదివారం ఆయన ఇంటి ముందు టెంటు కింద నల్లకోట్ల వాళ్ళు నిండా ఉన్నారు. రెండో వరసలో ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా. నన్ను చూసింది. కాసేపు తల దించుకుంది. తర్వాత పక్క కుర్చీ మీదున్న తన బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేకపోయాను. అంతిమయాత్ర కదిలి, టెంటువాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చేదాకా ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.